గిత్తలు గెలిచిన సోలారుకి బ్యాటరీల జత

మా అక్క సామ్రాజ్యం ట్రంకుపెట్టెతో సహా మా ఇంటికి వచ్చేసి నాలుగు నెలలు దాటాక, ఈ ప్రయాణం నాకు తప్పదని అర్థమైంది. గుంటూరు బ్రాడీపేటలో నాకో ఫొటో స్టూడియో ఉంది. ముందు గది స్టూడియో, వెనక రెండు గదుల్లో నేనూ నా భార్యా. అక్క మొదటి వారం వెనక గదుల్లోనే ఉంది. రెండో వారం నుంచి ముందు గదిలోకి వచ్చి కెమెరా పక్కన నిలబడటం మొదలుపెట్టింది. పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చిన పెద్దమనిషిని "ఆ మొహమేంటయ్యా, ఎవరో తిట్టినట్టు? సరిగ్గా కూర్చో" అనేది. పెళ్లిచూపుల ఫొటోకి వచ్చిన ఒకమ్మాయిని "ఈ చీర నీకు నప్పలేదు, ఇంటికెళ్లి మార్చుకు రామ్మా" అని పంపేసింది. ఆ పిల్ల చీర మార్చుకుంది, ఫొటో మాత్రం ఎదురు సందులో స్టూడియోకి వెళ్లి తీయించుకుంది.

అక్క ఎందుకు వచ్చేసిందో చెప్పాలి. బావ కోటయ్య మాకు మేనత్త కొడుకే. పర్చూరు అవతల ఒక ఊరికి దూరంగా, వాగు దాటి, పొలంలోనే ఇల్లు కట్టుకున్నాడు. కరెంటు స్తంభాలు ఊళ్లోనే ఆగిపోయాయి. మిరపా పత్తీ పండిస్తాడు గానీ ఆయన ప్రాణమంతా ఒంగోలు గిత్తల జత మీదే. ఆ గిత్తలు బండలాగుడు పందేలకు వెళతాయి. కాడికి కట్టిన రాతిబండను ఇచ్చిన గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. పోయినేడు గెలిచిన డబ్బుతో బావ గిత్తల మెడలకి వెండి మువ్వలు చేయించాడు. అవి కట్టిన రాత్రి ఉక్కపోతలో దోమలు కొట్టుకుంటూ కూర్చున్న అక్కకి, కొట్టంలోంచి ఆ మువ్వల చప్పుడు తెల్లవార్లూ వినిపించిందట. తెల్లారగానే పెట్టె సర్దుకుంది.

ఈ ఏడు గిత్తలకి రెండో బహుమతి వచ్చింది. అది డబ్బు కాదు. నాలుగు సోలారు పలకలు, ఒక ఇన్వర్టరు పెట్టె. ఆ బహుమతి పెట్టిన దాతగారు ఒకప్పుడు సోలారు సామాన్ల కొట్టు పెట్టి మూసేశారట. మిగిలిన సరుకుని గిత్తలకి ప్రకటించి పుణ్యం కట్టుకున్నారు. బ్యాటరీలు మాత్రం గెలిచినవాళ్లే కొనుక్కోవాలి. పలకలు బావ ఇంటి కప్పెక్కి రోజూ ఎండ తాగుతున్నాయి, కింద ఇల్లు ఎప్పటిలాగే చీకట్లో ఉంది.

ఆ కబురు తెలిసి అక్క తన షరతు చెప్పింది. "గురువారం సాయంత్రం వస్తా. ఆ రాత్రి నా గదిలో ఫాను తెల్లారేదాకా ఆగకుండా తిరగాలి. ఒక్కసారి ఆగిందా, పొద్దున్నే మొదటి బస్సెక్కి తమ్ముడింటికి వచ్చేస్తా. మళ్లీ నన్ను పిలవొద్దు." బావని బెదిరించాలని అన్న మాటే గానీ, ఎక్కువ బెదిరింది నేను. బ్యాటరీల ఎంపికకి నేను కూడా వస్తానని అప్పటికప్పుడు ఫోనులో చెప్పేశాను.

బుధవారం ఉదయం ఆరున్నరకి గుంటూరు బస్టాండులో పర్చూరు బస్సు దిగాడు బావ. వెనకే తెల్ల లుంగీ, భుజాన పెద్ద తువ్వాలుతో మస్తాన్ వలీ దిగాడు. మస్తాన్‌ది పశువుల బేరం. ఆ చుట్టుపక్కల ఎవరు ఎద్దు కొనాలన్నా ముందు ఈయన చెయ్యి దాని వీపు మీద పడాలి.

"బ్యాటరీలు కొనడానికి మస్తాన్ గారెందుకు బావా?" అన్నాను.

"ఇన్వర్టరు పెట్టె మీద ఏం రాసుంది? రెండు బ్యాటరీలు కలిపి కట్టాలని రాసుంది. రెండంటే జతేగా? జత కట్టాలంటే మస్తాన్ లేకుండా ఎట్టా?"

బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ఆ హోటల్లో కారప్పొడి అడగకుండానే వేస్తారు, కొత్తవాళ్లు ముందే వద్దని చెప్పుకోవడం మంచిది. మస్తాన్ రెండు ఇడ్లీలని పక్కపక్కన పెట్టి కాసేపు చూసి, ఆ తర్వాత తిన్నాడు.

తొమ్మిదిన్నరకి మొదటి కొట్టు తెరిచారు. కొట్టతను రెండు బ్యాటరీలు తెచ్చి నేల మీద పెట్టాడు. మస్తాన్ వాటి చుట్టూ ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి తిరిగాడు. వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని చూశాడు. పక్కన అరచేత్తో చరిచాడు. ఆ తర్వాత కొట్టతన్ని అడిగాడు.

"పళ్లు చూపించండి."

"పళ్లేంటండీ?"

"వయసండీ. ఎప్పుడు పుట్టింది?"

కొట్టతను కాసేపు నా వంక చూశాడు. నేను రోడ్డు వంక చూశాను. చివరికి అతను బ్యాటరీ నెత్తిన అచ్చువేసిన చిన్న అంకెలు చూపించాడు. తయారైన నెలా సంవత్సరం అందులో ఉంటాయి. మస్తాన్‌కి భలే ఆనందమేసింది. రెండో దానివి కూడా చదివించుకున్నాడు. రెండింటికీ మధ్య ఏడు నెలల తేడా ఉంది.

"కుదరదు కోటయ్యా," అన్నాడు లేస్తూ. "ఒకటి లేతది, ఒకటి ముదురు. లేతది లాగుతుంటే ముదురుది ఈడ్చుకుంటా పోద్ది. చివరికి రెండూ చెడతయ్."

ఇది బ్యాటరీల విషయంలోనూ నిజమేనని కొట్టతనే ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే మా పరువు దక్కేది. కానీ బావ ఇంకో జత చూపించమన్నాడు, అది వచ్చాక "ఒకసారి నడిపించండి" అన్నాడు. కొట్టతను మాకు గుమ్మం చూపించాడు.

రెండో కొట్టు యజమాని గడుసువాడు. లారీ బ్యాటరీలు చూపించి, "వీటికి తిరుగులేదు. పది టన్నుల లారీని స్టార్టు చేసే బ్యాటరీ సార్" అన్నాడు. బావ కళ్లు మెరిశాయి.

"లారీని లాగుద్దా?"

"అవలీలగా."

"అయితే మాకోసారి లాగి చూపించు."

"ఇక్కడ ట్రయల్ ఉండదండీ. గ్యారంటీ కార్డిస్తాం."

"కార్డు లాగదుగా," అన్నాడు మస్తాన్, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ.

మధ్యాహ్నం కావస్తున్నా మా చేతుల్లో ఏమీ లేదు. ఆటోలో బస్టాండుకి వెళుతుంటే మిర్చి యార్డు ఘాటుకి ముగ్గురం తుమ్ముకుంటూ పోట్లాడుకున్నాం. "ఇది బ్యాటరీ బావా, ఎద్దు కాదు" అని నేనంటే, "మూడేళ్లు మేపాల్సింది నేను, నువ్వు కాదు" అని ఆయన. ఆటో డ్రైవరు కూడా తుమ్మి, "ఏ ఊరి ఎద్దండీ?" అని అడిగాడు.

పర్చూరు దారిలో చిలకలూరిపేటలోనూ కొట్లున్నాయని ఎక్కిన పదకొండున్నర బస్సులో మా పక్కన ఖాళీ గోతాల కట్టతో ఒక రైతు కూర్చున్నాడు. మా గొడవంతా విని, "పేటలో రంగారావు కొట్టుకెళ్లండి. బండలాగుడంటే చెవి కోసుకుంటాడు. మీ బాధ ఆయనకే అర్థమవుద్ది" అన్నాడు. ఈ దారిలో వెళ్లేవాళ్లు బస్సుకి ఎడమ పక్క కూర్చోకండి. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కంటికి ఇంపుగానే ఉంటాయి, కానీ గాలి అటునుంచే వస్తుంది. బస్సు మొత్తం ఒకేసారి తుమ్మింది, డ్రైవరు ఒకసారి బ్రేకు కూడా వేశాడు.

పేటలో భోజనం చేసి రంగారావు కొట్టుకి చేరాం. బావ పేరూ ఊరూ చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఆ జత మీదేనా! మొన్న రెండోది కొట్టిన జత!" అని బావని తన కుర్చీలో కూర్చోబెట్టి గోలీసోడాలు తెప్పించాడు. నన్ను నిలబడే తాగమన్నాడు.

"నడిపించి చూడాలంటున్నారు," అన్నాను, ఈయన కూడా గెంటేస్తే ఇంటికి పోవచ్చనే ఆశతో.

"చూడకుండా ఎట్టా కొంటారండీ?" అన్నాడు రంగారావు.

లోపలినుంచి రెండు బ్యాటరీలు తెప్పించాడు. ఒకటి లారీది. పొట్టిగా, వెడల్పుగా, నిగనిగలాడుతోంది. రెండోది నల్లగా, పొడుగ్గా ఉంది. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు. తేడా ఏంటో రంగారావే చెప్పాడు. "లారీది స్టార్టు కొట్టేటప్పుడు ఒక్క తోపు తోసుద్ది. ఆపైన ఇంజినే దానికి మేత పెడతది. పొడుగుదాంట్లో సీసం ఎక్కువ, లోపలి పలకలు మందం. కొద్దికొద్దిగా రాత్రంతా ఇచ్చుకుంటా పోద్ది. సోలారుకి కావాల్సింది ఇదే. కానీ నా మాట నమ్మొద్దు. చూడండి."

"ఒకటి పరుగెద్దు, ఒకటి అరకెద్దు," అన్నాడు మస్తాన్. రంగారావు ఆ మాటకి మురిసిపోయి ఆయనకి ఇంకో సోడా చెప్పాడు.

కొట్టు అరుగు మీద రెండు బ్యాటరీలనీ పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికీ లారీ హెడ్‌లైటు బల్బులు సమానంగా తగిలించారు. ఒంటిగంటన్నరకి రంగారావు విజిలేశాడు. రెండు వైపులా బల్బులు ఒక్కసారి వెలిగాయి.

మండుటెండలో బల్బుల్ని చూస్తూ కూర్చోవడం కన్నా తెలివితక్కువ పని నా జీవితంలో ఇంకోటి చేయలేదు. కానీ అలా అనుకున్నది నేనొక్కడినే. రెండున్నరకి అరుగు ముందు టీకొట్టు జనమంతా చేరారు. మూడింటికి బస్సుల కోసం నిలబడ్డవాళ్లు వచ్చారు. వాళ్లలో వాళ్లే లారీ జట్టు, పొడుగు జట్టు అని రెండుగా చీలిపోయారు. ఎవరో చేతిమైకు పట్టుకొచ్చి, "లారీది ఎర్రబడుతోంది, ఎర్రబడుతోంది! పొడుగుది చెక్కుచెదరలేదు!" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఒంగోలు వెళ్లాల్సిన బస్సు డ్రైవరు ఇంజిను ఆపి దిగొచ్చాడు. కండక్టరు ఆయన్ని పిలవడానికి వచ్చి లారీ జట్టులో చేరిపోయాడు.

మా బావ సంగతి చెప్పనక్కర్లేదు. తువ్వాలు తలకి చుట్టి పొడుగు బ్యాటరీ ముందు నిలబడి, "ఏయ్ నాన్నా! ఏయ్ కొండా! తగ్గకు, తగ్గకు!" అని అదిలిస్తున్నాడు. నడుమ నడుమ దాని వీపు మీద చేత్తో నిమిరాడు. సిగ్గుతో చచ్చిపోయి నేను టీకొట్టు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. నాలుగున్నరకి లారీ వైపు బల్బులు గుడ్డిగా మినుకుమని ఆరిపోతుంటే, ఈల వేసింది నేనేనని ఆ తర్వాత మస్తాన్ చెప్పాడు. నాకు గుర్తులేదు.

పొడుగుది ఇంకో గంట పైనే వెలిగింది. "ఇవాళ గంట తేడానే," అన్నాడు రంగారావు చెమట తుడుచుకుంటూ. "ఇట్టా రోజూ ఖాళీ చేసి నింపుతుంటే లారీది ఏడాదికల్లా చేతులెత్తేసుద్ది. పొడుగుది ఏళ్లు నిలబడతది, నీళ్లు పోసి చూసుకుంటే."

"దీని జత తెప్పించండి," అన్నాడు బావ.

రంగారావు మొహం వాడిపోయింది. ఆ నెల సరుకులో రెండే వచ్చాయట. రెండోదాన్ని వారం కింద మైకుసెట్టు బుజ్జి పట్టుకుపోయాడు. బుజ్జిది పర్చూరు దారిలోనే ఒక ఊరు. పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ మైకులు అద్దెకిస్తాడు. వేరే నెలది ఇస్తానన్నాడు రంగారావు. మస్తాన్ కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపి, పొద్దున్నే బుజ్జి దగ్గరికే పోదామన్నాడు.

ఆ రాత్రికి పేటలోనే లాడ్జిలో దిగాం. బ్యాటరీ కొట్లోనే ఛార్జింగులో ఉంది. గదిలో ఫాను ఉంది గానీ రెక్కలు తిరిగితే గోడలు కూడా కదులుతున్నట్టుండేది. బావ దాని కిందే పడుకుని, "దీని కింద సామ్రాజ్యం పడుకుంటే బాగుండు" అన్నాడు. గోడ వైపు తిరిగి అన్నాడు గానీ నాకు వినపడింది.

గురువారం ఉదయం ఏడింటికి పర్చూరు బస్సు. నిండు బ్యాటరీ పక్కకి ఒరిగితే యాసిడ్ కారుతుంది కాబట్టి నిలువుగానే పెట్టాలని రంగారావు మరీ మరీ చెప్పాడు. బావ దాన్ని తీసుకెళ్లి సీట్లో కూర్చోబెట్టి తాళ్లతో కట్టాడు. కండక్టరు వచ్చాడు.

"సామాను పైనెయ్యాలి."

"పైనేస్తే ఒరుగుద్ది."

"సీట్లో పెడితే టికెట్టు కొట్టాల."

"కొట్టు."

కండక్టరు బ్యాటరీని ఎగాదిగా చూశాడు. "ఎంత వయసు?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. మస్తాన్ మాత్రం అచ్చు అంకెలు చూసి, "నెలన్నర" అన్నాడు. చంటిపిల్లలకి టికెట్టు లేదని కండక్టరు ముందుకి వెళ్లిపోయాడు.

వెనక సీట్లో ముసలమ్మ ఒకావిడ ముందుకి వంగి, "ఏంటి నాయనా అది?" అంది. మా అక్క ఫాను కోసం అలిగి వచ్చేసిందని, దానికోసమే ఈ అవస్థని చెప్పాను. "అలిగినదానికి ఫాను కొనిపెడితే రేపు ఫ్రిజ్జు కోసం అలుగుద్ది" అని ఆవిడ వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

బుజ్జి ఇల్లు బస్సు దిగితే ఎదురుగానే ఉంది. అరుగంతా ఇత్తడి హారన్లు బోర్లించి ఉన్నాయి. బుజ్జి లోపలినుంచి వస్తూనే మా బ్యాటరీని చూసి, "అరె, మాదానికి కవల!" అన్నాడు. మేం వచ్చిన పని విన్నాక మొహం ముడిచాడు. "రెండు పెళ్లిళ్లకే వాడానండీ. ముహూర్తాలు వరసగా ఉన్నయ్. ఇస్తే నా బతుకేం గాను?"

మస్తాన్ వెళ్లి బుజ్జి పక్కన కూర్చుని, తన పెద్ద తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. పశువుల సంతలో బేరం ఇలాగే జరుగుతుంది. ధర పైకి చెప్పరు, తువ్వాలు కింద వేళ్లు పట్టి నొక్కుతారు. బయటున్నవాళ్లకి మొహాలు తప్ప ఏమీ కనపడదు. బుజ్జి అడ్డంగా తలూపాడు. మస్తాన్ చెయ్యి కదిలింది. బుజ్జి మళ్లీ తలూపాడు. ఆ తర్వాత బుజ్జి వంగి మస్తాన్ చెవిలో ఏదో చెప్పాడు. చివరికి మస్తాన్ తువ్వాలు తీసి బావ వైపు తిరిగాడు.

"డబ్బొద్దంట. నీ కపిలావు ఈసారి ఈనితే ఆ దూడ కావాలంట."

ఆ ఆవు గిత్తల తల్లి. పుట్టబోయే దూడకి బావ అప్పటికే పేరు కూడా పెట్టుకున్నాడు. ఆయన వెళ్లి రోడ్డు పక్కన నిలబడ్డాడు. వచ్చే పోయే లారీలని చూస్తూ చాలాసేపు నిలబడి, తిరిగొచ్చి, "నువ్వే వచ్చి బిగించి వెళ్లాల" అని మాత్రం అన్నాడు. రెండు రోజులుగా ఆయన మీద నాకున్న చిరాకంతా అక్కడ దిగిపోయింది. ఈ మనిషి అక్కని ఎంత కోరుకుంటున్నాడో, అక్కకి ఎవరైనా చెప్తే బాగుండనిపించింది.

పది గంటలకి ట్రాలీ ఆటోలో జత బ్యాటరీలు, బుజ్జి, మేమందరం బయల్దేరాం. వాగు దగ్గర దిగి తోశాం. పన్నెండింటికల్లా బావ ఇంటి వసారాలో చెక్కపీట మీద రెండు బ్యాటరీలూ పక్కపక్కన నిలబడ్డాయి. బుజ్జి ఒక్కో మూతా తీసి, లోపల తేలే బొమ్మ ఉన్న గాజుగొట్టంతో యాసిడ్ పీల్చి, సత్తువ కొలిచాడు. రెండింటిలోనూ బొమ్మ ఇంచుమించు ఒకే ఎత్తున తేలింది. మస్తాన్ కుంకుమ అడిగి తెప్పించుకుని ఎడమదానికి ఒక బొట్టు, కుడిదానికి రెండు బొట్లు పెట్టాడు. "ఇది దాపటిది, ఇది వలపటిది. ఆరునెల్లకోసారి పక్కలు మార్చండి" అన్నాడు.

అక్క గదిలో బావ కొనిపెట్టుకున్న ఫానుని బుజ్జి బిగించాడు. బావ అటక మీదనుంచి ఇంకో ఫాను దించాడు. అది ఎప్పుడు కొన్నాడో ఎవరికీ తెలియదు. గొడ్ల కొట్టంలో దూలానికి అప్పటికే కొక్కెం కూడా ఉంది.

"రెండెందుకండీ?" అన్నాడు బుజ్జి. "పలకలు నాలుగే. ఒక ఫానైతే తెల్లారేదాకా గ్యారంటీ. రెండేస్తే అర్ధరాత్రికి రెండూ ఆగిపోతయ్."

"ఉత్తినే. వేలాడదీసి మీట పెట్టు, చాలు," అన్నాడు బావ.

"బావా," అన్నాను.

"ఉత్తినేనయ్యా!"

సాయంత్రం ఐదున్నరకి అక్క వచ్చింది. చేతిలో ఒక సంచీ మాత్రమే ఉంది. ట్రంకుపెట్టె బ్రాడీపేటలో మా మంచం కిందే ఉందన్నమాట. గదిలోకెళ్లి ఫాను వేసింది, ఆపింది, మళ్లీ వేసింది. బ్యాటరీలకున్న బొట్లు చూసింది. పెరట్లోకి వెళ్లి, కొట్టంలో వేలాడుతున్న ఫానుని చూసి నడుం మీద చెయ్యేసుకుంది.

"అదేంటి?"

"ఉత్తినే," అన్నాం నేనూ బావా ఒకేసారి.

"చూస్తాగా," అంది అక్క. మస్తాన్‌కి మాత్రం మర్యాదగా మజ్జిగ ఇచ్చింది.

ఆ రాత్రి నేనూ మస్తానూ వాకిట్లో మంచాలేసుకున్నాం. గాలి ఆడలేదు. కొట్టంలోంచి గిత్తల మువ్వలు గలగలమంటుంటే, బావ కొట్టంలో ఫాను మీట నొక్కుతాడేమోనని నేను చెవులు రిక్కించి పడుకున్నాను. కాసేపటికి మువ్వలు ఆగిపోయాయి. నొక్కేశాడు, ఇక అయిపోయింది అనుకుంటూనే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి వెలుగొచ్చింది. ముందుగా అక్క గదివైపు పరిగెత్తాను. లోపల ఫాను హాయిగా తిరుగుతోంది. మంచం మీద అక్క లేదు. పెరట్లోకి వెళితే, కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

లోపల ఫాను తిరగడం లేదు. రెండు గిత్తలూ పడుకుని తీరుబడిగా నెమరేస్తున్నాయి. వాటి నడుమ ముక్కాలిపీట మీద బావ కూర్చుని, ఒకదాని మూపురానికి తల ఆనించి నిద్రపోతున్నాడు. చేతిలో తాటాకు విసనకర్ర, దాని పిడి విరిగి తాటినార మీద వేలాడుతోంది.

"తెల్లవార్లూ విసిరాడు చెల్లెమ్మా," అన్నాడు వెనకనుంచి మస్తాన్. "మీట ముట్టుకోలా. నేను లేచి చూశా."

ఇక అక్క మనసు కరుగుతుందని, నా స్టూడియో నాకు దక్కుతుందని నేను లోపల గంతులేశాను. అక్క లోపలికి వెళ్లి బావ భుజం తట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచి, ముందు గిత్తలకి రెండు విసుర్లు విసిరి, ఆ తర్వాత కళ్లు తెరిచాడు.

"ఫాను ఆగలేదుగా?" అన్నాడు.

"ఆగలేదు," అంది అక్క. "పెళ్లయి ఇన్నేళ్లయింది. నాకెప్పుడైనా విసిరావా బావా?"

బావ ఆలోచించాడు. "నువ్వు అడగలేదుగా."

"అవి అడిగాయా?"

బావ గిత్తల వంక చూశాడు. అవీ ఆయన వంక చూశాయి. మస్తాన్ మెల్లిగా తప్పుకుని బావి వైపు వెళ్లాడు. మొదటి బస్సు ఎన్ని గంటలకో అక్కకి బాగా తెలుసు. బావ తల దించుకుని, విరిగిన పిడిని రెండు చేతులతో అతికించాలని చూస్తున్నాడు. నాలుగు నెలలుగా బ్రాడీపేటలో అందరి మొహాలూ సరిదిద్దిన అక్క, ఆ మొహాన్ని మాత్రం సరిదిద్దకుండా అలాగే చూస్తూ నిలబడింది.

"ఇవాళ్టి నుంచి ఫాను వాటికి పెట్టు," అంది చివరికి. "నాకు నువ్వు విసురు."

"అక్కా!" అన్నాను ఆపుకోలేక. "రెండు రోజులు తిరిగాం. ఆ పందెం, ఆ బస్సు, పుట్టని దూడ కూడా పోయింది. ఇదంతా ఎద్దులకి ఫాను పెట్టడానికా?"

"పాపం, గెలుచుకుంది అవేగా," అంది అక్క. ఆ తర్వాత పొయ్యి రాజేయడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఎనిమిదిన్నర బస్సుకి నేనూ మస్తానూ బయల్దేరాం. ఆయనకి ప్రత్తిపాడులో ఒక ఆవుని చూసే పని ఉంది. అక్క వాగు దాకా వచ్చి సాగనంపింది. "పెట్టె పంపించు. నేలమీద ఈడవకు, అడుగు పోతది" అంది. నాలుగడుగులు వేశాక మళ్లీ కేకేసింది. "ఒరేయ్, దారిలో తాటాకు విసనకర్రలు కనిపిస్తే ఒకటి కొని పెట్టెలో పెట్టు. అది విరిగిపోయింది!"

ఈ ప్రయాణం చేయబోయేవాళ్లకి నేను నేర్చుకున్నది చెప్తాను. లారీ బ్యాటరీ జోలికి పోకండి. బరువైనదాన్ని తీసుకోండి. పుట్టిన నెల చూడండి, రెండిటికీ ఒకే నెల అయితే మంచిది. నిలువుగా మోయండి. ఏ బ్యాటరీ అయినా దాన్ని ఎవరికోసం కొంటున్నారో వాళ్లని ముందుగా ఒక మాట అడగండి. మేం మాత్రం మూడు ఊళ్లు తిరిగామే గానీ ఆ ఒక్క మాట ఎవరం అడగలేదు.

ప్రత్తిపాడులో బస్సు ఐదు నిమిషాలు ఆగింది. స్టాండు పక్కన ఒకావిడ విసనకర్రలు పరుచుకుని కూర్చుంది. దిగి ఒకటి తీసుకోబోతుంటే మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. తనే ఒకటి తీసి, కళ్లు మూసుకుని మొహాన విసురుకున్నాడు. తిప్పి పిడి చూశాడు, అంచు కుట్టు చూశాడు.

"ఇది పరవాలేదు బాబూ. కోటయ్య చేతికి సరిపోద్ది. మరి అతనికెవరు విసురుతారు?" అని, ఆవిడతో అన్నాడు. "దీనికి జత చూపించమ్మా."

ఆవిడ ఒకటి ఇచ్చింది. మస్తాన్ తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి ఇచ్చింది. అది పిడి పొట్టి అన్నాడు. బస్సు హారను మోగింది. కండక్టరు మెట్టు మీద నిలబడి, ఎక్కుతారా లేదా అని నా మీద అరిచాడు.

"ఒక్క నిమిషం ఆగవయ్యా," అన్నాను నేను. "జత కలవాలి."